కూపన్ మారితే ఫోన్ మోగాలి: వూకామర్స్ వెబ్‌హుక్‌లను టెలిగ్రామ్ గ్రూపుకు కలపడం ఎలా?

2025 సంక్రాంతికి మా పిన్ని కూతురు నడిపే పచ్చళ్ల సైట్‌లో పండగ కూపన్ పెట్టాం. ఆ ఏడాది కనుమ జనవరి 15. కనుమ రాత్రి దాకా ఆఫర్ నడవాలని గడువు గడిలో 15 అని వేసి, హాయిగా పండగ చేసుకున్నాం. కనుమ పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి, "కూపన్ పనిచేయట్లేదండీ" అని. తప్పు మాదే. సైట్ నడిచేది వూకామర్స్ మీద, అంటే వర్డ్‌ప్రెస్ సైట్‌ను ఆన్‌లైన్ షాపుగా మార్చే ప్లగిన్ మీద. అందులో గడువు తేదీగా 15 వేస్తే, 15 మొదలయ్యే అర్ధరాత్రికే కూపన్ ముగుస్తుంది. ఆ రోజంతా నడవాలంటే 16 అని వేయాలి. గడి పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు మీద మౌస్ పెడితే ఈ మాటే కనిపిస్తుంది. పండగ హడావిడిలో ఎవరు పెడతారు!

ఆ తర్వాత కూర్చుని చేసుకున్న ఏర్పాటే ఇది. ఎవరైనా కూపన్ పెట్టినా, మార్చినా, తీసేసినా కొద్ది నిమిషాల్లో షాపు వాళ్లందరి ఫోన్లకూ తెలుగులో మెసేజ్ వస్తుంది. కూపన్ గడువు దగ్గరపడినా, వాడకం పరిమితికి చేరువైనా కబురు వస్తుంది. కావలసినవి నాలుగు: వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్ షాపు, దానికి అడ్మిన్ లాగిన్, ఒక గూగుల్ అకౌంట్, ఒక టెలిగ్రామ్ గ్రూపు. విడిగా సర్వర్ అక్కర్లేదు, నెలనెలా కట్టే డబ్బు కూడా లేదు.

వాట్సాప్ ఎందుకు కాదని అడుగుతారు. వాట్సాప్‌లో ప్రోగ్రామ్ తనంతట తాను మెసేజ్ పంపాలంటే బిజినెస్ ఖాతా, ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ కావాలి. పదిమంది లేని గ్రూపు కోసం అంత తతంగం అనవసరం. ఇక కొనేవాళ్లకు ఆఫర్ ఎస్ఎంఎస్‌లు పంపడమంటే డీఎల్‌టీ (వ్యాపార ఎస్ఎంఎస్‌లు పంపేవాళ్లు నమోదు కావాల్సిన వ్యవస్థ) రిజిస్ట్రేషన్‌తో మొదలయ్యే వేరే కథ. ఇక్కడ చెప్పేది షాపు లోపలి మనుషులకు వెళ్లే కబురు గురించి మాత్రమే.

మొదటి మెట్టు: వెబ్‌హుక్ ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు మోగదో తెలుసుకోండి

వెబ్‌హుక్ అంటే మీ షాపు గుమ్మానికి కట్టిన గంట లాంటిది. షాపులో ఏదైనా జరిగితే వూకామర్స్ మీరిచ్చిన అడ్రస్‌కు తనే ఆ సమాచారం పంపుతుంది. మీరు గంటకోసారి వెళ్లి "ఏమైనా మారిందా" అని అడగక్కర్లేదు.

కూపన్ల విషయంలో వూకామర్స్ నాలుగు సందర్భాల్లో గంట కొడుతుంది: కూపన్ పుట్టినప్పుడు, మారినప్పుడు, చెత్తబుట్టలో పడినప్పుడు, బుట్టలోంచి వెనక్కి వచ్చినప్పుడు. ఈ జాబితాను మళ్లీ ఒకసారి చదవండి. "గడువు ముగిసింది" అనేది ఇందులో లేదు. "ఎవరో వాడారు" అనేదీ లేదు. అర్ధరాత్రి తేదీ మారినప్పుడు ఎవరూ ఏ బటనూ నొక్కరు కాబట్టి గంట మోగదు. మా కనుమ కూపన్‌కు ఎన్ని వెబ్‌హుక్‌లు కట్టి ఉన్నా ఆ రోజు ఒక్క మెసేజ్ కూడా వచ్చేది కాదు. అందుకే వెబ్‌హుక్ పెట్టి వదిలేస్తే పని సగమే అయినట్టు. కాలం గడవడం వల్ల జరిగే వాటికి రోజూ పొద్దున తనంతట తాను నడిచే చిన్న తనిఖీ కావాలి. కూపన్ వాడకం తెలియాలంటే ఆర్డర్ గంటను కూడా వినాలి.

రెండో మెట్టు: టెలిగ్రామ్ బాట్

బాట్ అంటే మనిషి బదులు ప్రోగ్రామ్ నడిపే టెలిగ్రామ్ ఖాతా. దాన్ని తయారుచేయడానికి టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అని వెతకండి. పేరు పక్కన నీలం టిక్కు ఉన్నదే అసలుది. కొత్త బాట్ కావాలని అడిగితే పేరు అడిగి, చివర్లో పొడవాటి టోకెన్ ఇస్తుంది. అది తాళంచెవి లాంటిది. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టకండి (మా వాళ్లు పెట్టారు, మళ్లీ కొత్తది తీసుకోవాల్సి వచ్చింది).

బాట్‌ను షాపు గ్రూపులో చేర్చండి. ఇప్పుడు ఆ గ్రూపు నంబర్ కావాలి. బాట్‌లు మామూలుగా గ్రూపులో అందరి మాటలూ వినవు, స్లాష్ గుర్తుతో మొదలయ్యే ఆదేశాలనే వింటాయి. కాబట్టి గ్రూపులో స్లాష్ పెట్టి స్టార్ట్ అని, దాని వెనకే బాట్ పేరు కొట్టండి. తర్వాత బ్రౌజర్‌లో టెలిగ్రామ్ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారి) అడ్రస్‌కు మీ టోకెన్ చేర్చి గెట్‌అప్‌డేట్స్ (getUpdates) అనే పేజీ తెరిస్తే, చాట్ ఐడీ అని మైనస్ గుర్తుతో ఒక నంబర్ కనిపిస్తుంది. ఆ మైనస్‌తో సహా రాసిపెట్టుకోండి. మామూలు గ్రూపు ఎప్పుడైనా సూపర్‌గ్రూప్‌గా (టెలిగ్రామ్‌లో పెద్ద గ్రూపుల రకం) మారితే ఈ నంబర్ కూడా మారిపోతుంది. ఉన్నట్టుండి మెసేజ్‌లు ఆగిపోతే ముందు చూడాల్సింది ఇదే.

మూడో మెట్టు: షాపు నుంచి చదివే తాళం

వూకామర్స్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో రెస్ట్ ఏపీఐ. అక్కడ కొత్త కీ తయారుచేయండి. అనుమతి అడిగిన చోట "రీడ్" మాత్రమే ఎంచుకోండి. ఎవరి చేతికైనా చిక్కినా ఈ కీతో చదవగలరే తప్ప కూపన్ పెట్టలేరు, మార్చలేరు. తెర మీద కనిపించే రెండు పొడవాటి పదాలనూ మళ్లీ పూర్తిగా చూపించదు, అప్పుడే కాపీ చేసుకోండి. వర్డ్‌ప్రెస్ పర్మాలింక్స్ (పేజీల అడ్రస్‌లు ఎలా ఉండాలో చెప్పే సెట్టింగ్) "ప్లెయిన్" మీద ఉంటే ఈ ఏపీఐ అడ్రస్ మామూలు రూపంలో పనిచేయదు, అదీ ఓసారి చూసుకోండి.

వెబ్‌హుక్ తనే సమాచారం తెస్తుంది కదా, మళ్లీ చదివే తాళం దేనికి? నాలుగో మెట్టులో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: గంట వినే యాప్స్ స్క్రిప్ట్

ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి. కొత్త గూగుల్ షీట్ తెరవండి. అందులో "గంట", "కూపన్లు" అని రెండు ట్యాబ్‌లు పెట్టండి. కూపన్ పేరు రాసే కాలమ్‌ను ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 0101 అనే కూపన్‌ను షీట్ 101 చేసేస్తుంది. తర్వాత ఎక్స్‌టెన్షన్స్ మెనూలోంచి యాప్స్ స్క్రిప్ట్ తెరవండి. గూగుల్ సర్వర్ల మీదే నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు రాసుకునే చోటు ఇది. టోకెన్, గ్రూపు నంబర్, వూకామర్స్ కీలు ఇవన్నీ కోడ్‌లో రాయకండి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో స్క్రిప్ట్ ప్రాపర్టీస్ అనే చోట పెట్టండి. ప్రాజెక్ట్ టైమ్ జోన్ కోల్‌కతాకు మార్చండి.

యాప్స్ స్క్రిప్ట్‌కు ఒక లోటుంది. వూకామర్స్ పంపే ప్రతి కబురు మీదా సంతకం ఉంటుంది. ఇద్దరికే తెలిసిన రహస్య పదంతో లెక్కగట్టిన ఆ సంతకం హెడర్‌లో, అంటే కవరు మీది రాత లాంటి భాగంలో, వస్తుంది. ఏ సందర్భానికి గంట కొట్టిందో కూడా హెడర్‌లోనే ఉంటుంది. కానీ యాప్స్ స్క్రిప్ట్ హెడర్లను చదవలేదు. అంటే వచ్చిన కబురు నిజంగా మీ షాపు నుంచే వచ్చిందో లేదో అది తేల్చుకోలేదు.

దీనికి నేను పాటించే పద్ధతి: గంటను గంటగానే తీసుకోవడం. ఎవరో బెల్ కొట్టి "మీ ఇంటికి పార్సెల్ వచ్చింది" అని అరిస్తే నమ్మేయం కదా, తలుపు తీసి చూస్తాం. అలాగే వచ్చిన కబురులోంచి కూపన్ ఐడీ ఒక్కటే తీసుకోండి. మిగతా వివరాలన్నీ చదివే తాళంతో షాపు నుంచి నేరుగా తెచ్చుకోండి. ఎవరైనా దొంగ కబురు పంపినా గ్రూపులోకి వెళ్లేది మాత్రం షాపులో ఉన్న నిజమే.

ఆ పైన ఇంకో చిన్న గొళ్లెం కూడా పెట్టండి. డెలివరీ అడ్రస్ చివర ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, "కీ" అనే పేరుతో మీరు తయారుచేసుకున్న ముప్పై నలభై అక్షరాల పదం, "పని" అనే పేరుతో ఆ వెబ్‌హుక్ ఏ సందర్భానిదో చేర్చండి. ఈ పేర్లు అడ్రస్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి. వాటిని మాత్రం స్క్రిప్ట్ చదవగలదు.

స్క్రిప్ట్‌లో రెండు ముక్కలుంటాయి. కోడ్ రాయడం రాకపోతే ఈ వరుసను ఉన్నదున్నట్టు రాసేవాళ్లకు ఇవ్వండి, వంద లైన్ల లోపు పని.

మొదటి ముక్క డూపోస్ట్ (doPost) అనే ఫంక్షన్. కబురు రాగానే కీ సరిపోయిందో చూస్తుంది. సరిపోకపోతే ఏమీ చేయదు. సరిపోతే "గంట" ట్యాబ్‌లో సమయం, పని, ఐడీ ఒక వరుసగా రాసి "సరే" అని జవాబిస్తుంది. అంతే. ఇక్కడ టెలిగ్రామ్‌కు పంపడం, లెక్కలు వేయడం వంటివి పెట్టకండి. ఒక జాగ్రత్త: వెబ్‌హుక్‌ను మొదటిసారి సేవ్ చేసినప్పుడు వూకామర్స్ పరీక్షగా ఒక కబురు పంపుతుంది. అందులో వెబ్‌హుక్ నంబర్ తప్ప ఏమీ ఉండదు, అది మిగతా కబుర్లలా జేసన్ (JSON, ప్రోగ్రామ్‌లు సమాచారం పంపుకునే ఒక రూపం) రూపంలో కూడా ఉండదు. దాన్ని జేసన్ అనుకుని విప్పబోతే స్క్రిప్ట్ తప్పు చూపిస్తుంది. విప్పలేనిది వస్తే వదిలేసి "సరే" అనేలా రాయాలి.

రెండో ముక్క ఐదు నిమిషాలకోసారి ట్రిగర్ (యాప్స్ స్క్రిప్ట్‌లోని అలారం) మీద నడుస్తుంది. "గంట" ట్యాబ్‌లో చేరిన వరుసలు తీసుకుని, ఒకే ఐడీ నాలుగుసార్లు ఉన్నా ఒకటిగానే లెక్కేసి, షాపు నుంచి ఆ కూపన్ తాజా వివరాలు తెచ్చి, "కూపన్లు" ట్యాబ్‌లో ఉన్న పాత వివరాలతో పోలుస్తుంది. షీట్‌లో లేకపోతే కొత్తది. ఉండి ఏదైనా తేడా ఉంటే మార్పు. ఏ తేడా లేకపోతే మౌనం. తర్వాత కొత్త వివరాలను షీట్‌లో రాసి, చెప్పాల్సినవన్నీ ఒకే మెసేజ్‌గా గ్రూపుకు పంపుతుంది.

ఈ ఐదు నిమిషాల ఆలస్యం కావాలని పెట్టుకున్నదే. మనం కూపన్ రాస్తూ ఐదారుసార్లు సేవ్ నొక్కుతాం. ప్రతిసారీ ఫోన్ మోగితే రెండో రోజుకే అందరూ గ్రూపును మ్యూట్ చేస్తారు. పైగా ఒక గ్రూపుకు బాట్ నిమిషానికి ఇరవై మెసేజ్‌లకు మించి పంపకూడదని టెలిగ్రామ్ నియమం. ఎప్పుడైనా రెండొందల కూపన్లు ఒక్కసారే ఎక్కిస్తే ఆ హద్దు దాటిపోతారు. ఒక మెసేజ్‌లో 4096 అక్షరాలే పడతాయి కాబట్టి మరీ ఎక్కువైతే "కొత్త కూపన్లు 200, షీట్ చూడండి" అని చెప్పించండి చాలు.

చెత్తబుట్టలో పడిన కూపన్ కబురులో ఐడీ తప్ప పేరు కూడా రాదు. గ్రూపులో "413 తీసేశారు" అంటే ఎవరికి అర్థమవుతుంది? పేరును "కూపన్లు" ట్యాబ్‌లోంచే తీసుకోవాలి. అందుకే మొదటి రోజే ఉన్న కూపన్లన్నీ ఒకసారి షీట్‌లోకి తెచ్చిపెట్టండి. ఒక పిలుపులో వందకు మించి ఇవ్వదు, ఎక్కువుంటే పేజీలవారీగా అడగాలి.

కోడ్ అయ్యాక బయటినుంచి పిలిచే అడ్రస్ రావడానికి డిప్లాయ్ నొక్కి వెబ్ యాప్ ఎంచుకోండి. "నా పేరు మీద నడవాలి", "ఎవరైనా తెరవచ్చు" అనే ఎంపికలు పెట్టండి. గూగుల్ అకౌంట్ ఉన్నవాళ్లే అనే ఎంపిక పెడితే వూకామర్స్ లోపలికి రాలేదు. వచ్చిన అడ్రస్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే, బ్రౌజర్ పిలిచే డూగెట్ (doGet) అనే ఫంక్షన్ లేదని తప్పు చూపిస్తుంది. కంగారుపడకండి, మనం రాసింది డూపోస్ట్ మాత్రమే. ఇంకో మాట, కోడ్‌లో తర్వాత ఏం మార్చినా సేవ్ చేస్తే సరిపోదు. మేనేజ్ డిప్లాయ్‌మెంట్స్‌లో అదే డిప్లాయ్‌మెంట్‌కు కొత్త వెర్షన్ ఇవ్వాలి. ఇది తెలియక నేనో సాయంత్రమంతా పాత కోడ్‌తో కుస్తీ పట్టాను.

ఐదో మెట్టు: వూకామర్స్‌లో వెబ్‌హుక్‌లు

సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, వెబ్‌హుక్స్. ఒక్కో వెబ్‌హుక్‌కు ఒక్క టాపిక్కే (గంట కొట్టే సందర్భం) కుదురుతుంది. కాబట్టి కూపన్ క్రియేటెడ్, అప్‌డేటెడ్, డిలీటెడ్, రిస్టోర్డ్, వాటితోపాటు ఆర్డర్ క్రియేటెడ్, మొత్తం ఐదు పెట్టాలి. స్టేటస్ యాక్టివ్. డెలివరీ యూఆర్ఎల్‌లో యాప్స్ స్క్రిప్ట్ అడ్రస్, చివర మన కీ, పని. మిగతావి ఎలా ఉన్నవి అలాగే వదిలేయండి.

ఆర్డర్ కబురులో కొన్నవాళ్ల పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ అన్నీ వస్తాయి. మనకు కావలసింది అందులో ఏ కూపన్ వాడారన్న ముక్క ఒక్కటే. డూపోస్ట్ ఆ కూపన్ పేరు మాత్రమే రాసుకోవాలి. కూపన్ లేని ఆర్డర్‌ను పట్టించుకోకూడదు. కస్టమర్ ఫోన్ నంబర్లు గూగుల్ షీట్‌లోకి, అక్కడినుంచి గ్రూపులోకి ఎక్కడం మొదలైతే తర్వాత ఆపడం కష్టం.

ఎన్నిసార్లు వాడారన్న లెక్కను మీరు కూడవద్దు. ఆర్డర్ క్యాన్సిల్ అయితే వూకామర్స్ తన లెక్కను తనే తగ్గించుకుంటుంది, మీ షీట్‌కు ఆ సంగతి తెలియదు. కూపన్ పేరుతో షాపును అడిగితే వాడకం లెక్క, పరిమితి రెండూ చెబుతుంది. పరిమితిలో ఎనభై శాతం దాటినప్పుడు ఒకసారి, పూర్తయినప్పుడు ఒకసారి చెప్పించండి. ప్రతి ఆర్డర్‌కూ వద్దు.

ఆరో మెట్టు: మెసేజ్‌లో ఏం రాయాలి

నా లెక్కలో ఈ ఏర్పాటుకు విలువ తెచ్చేది ఇదే. "కూపన్ 413 మారింది" అనే మెసేజ్ వచ్చినా రాకపోయినా ఒకటే. ఇలా ఉండాలి:

"కొత్త కూపన్: ఉగాది10. ఆర్డర్ మొత్తంపై 10 శాతం తగ్గింపు. చివరి రోజు: మార్చి 31 రాత్రి దాకా. కనీస ఆర్డర్: 499 రూపాయలు. గమనిక: వాడకానికి పరిమితి పెట్టలేదు."

చివరి రోజు చూశారా? షాపులో ఉన్న గడువు తేదీ ఏప్రిల్ 1. అందులోంచి ఒక రోజు తీసేసి, మనుషులు మాట్లాడుకునే తీరులో చెప్పించాలి. మా కనుమ కూపన్‌కు "చివరి రోజు: జనవరి 14 రాత్రి దాకా" అని మెసేజ్ వచ్చి ఉంటే ఎవరో ఒకరు అక్కడే పట్టుకునేవాళ్లు. వర్డ్‌ప్రెస్ జనరల్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ కోల్‌కతా మీద ఉందో లేదో కూడా చూడండి. యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) మీదే వదిలేసిన సైట్లలో కూపన్ అర్ధరాత్రి కాకుండా తెల్లవారి 5.30కి ముగుస్తుంది.

"గమనిక" అనే వరుస కోసం స్క్రిప్ట్‌లో ఈ పరీక్షలు పెట్టించండి. గడువు ఖాళీగా ఉందా? వాడకం పరిమితి ఖాళీగా ఉందా? ఖాళీ అంటే ఎన్నిసార్లయినా అని అర్థం. ఒక్కో మనిషికి పరిమితి ఉందా? కనీస ఆర్డర్ సున్నానా? తగ్గింపు రకం "ఫిక్స్‌డ్ ప్రొడక్ట్" అయితే తప్పకుండా చెప్పాలి. అది ఆర్డర్ మొత్తం మీద కాదు, ఒక్కో వస్తువు మీద. యాభై రూపాయల కూపన్ పెట్టాననుకుంటారు, నాలుగు ఆవకాయ సీసాలు కొన్నవాళ్లకు రెండొందలు తగ్గుతుంది. చుట్టాల కోసమని పరిమితి లేకుండా పెట్టిన కూపన్ ఆఫర్ల గ్రూపుల్లోకి పాకితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చిన్న విషయాలు రెండు. కూపన్ పేరులో పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడాను వూకామర్స్ పట్టించుకోదు, పోల్చేటప్పుడు అన్నీ చిన్నవి చేసుకోవాలి. టెలిగ్రామ్‌కు పంపేటప్పుడు బోల్డ్, ఇటాలిక్ వంటి మార్క్‌డౌన్ వాడకండి. కూపన్ పేరులో అండర్‌స్కోర్ ఉంటే మెసేజ్ మొత్తాన్నీ తిప్పికొట్టే ప్రమాదముంది. ఉత్త అక్షరాలు చాలు.

ఏడో మెట్టు: పొద్దుటి తనిఖీ

రోజుకోసారి ఉదయం 8, 9 మధ్య నడిచేలా ఇంకో ట్రిగర్ పెట్టండి (కచ్చితమైన నిమిషం చెప్పలేం, ఆ గంటలో ఎప్పుడో నడుస్తుంది). అది కూపన్లన్నిటినీ షాపు నుంచి తెచ్చి షీట్‌తో పోలుస్తుంది. ఏదైనా గంట మోగకుండా తప్పిపోయి ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. ఈ రాత్రితో, రేపు రాత్రితో ముగిసేవి ఏవో చెబుతుంది. నిన్న ముగిసినవి చెబుతుంది, బ్యానర్ ఇంకా సైట్ మీద వేలాడుతుంటే తీసేయడానికి.

ఇదే తనిఖీలో వెబ్‌హుక్‌ల ఆరోగ్యం కూడా అడిగించండి. డెలివరీ వరుసగా ఐదుకు మించి విఫలమైతే వూకామర్స్ ఆ వెబ్‌హుక్‌ను డిజేబుల్ చేసేస్తుంది. తర్వాత అంతా నిశ్శబ్దం. గ్రూపులో మెసేజ్‌లు లేకపోతే ఏ కూపనూ మారలేదనుకుంటాం. చదివే తాళంతో వెబ్‌హుక్‌ల జాబితా అడిగితే ఒక్కోదాని స్టేటస్ వస్తుంది. యాక్టివ్ కానిది ఉంటే ఆ సంగతే మెసేజ్ మొదటి వరుసలో రావాలి.

మోగకపోతే ఎక్కడ వెతకాలి

పరీక్షకు ఒక రూపాయి కూపన్ పెట్టి సేవ్ చేయండి. "గంట" ట్యాబ్‌లో వరుస పడిందా? పడి, ఐదు నిమిషాల తర్వాత కూడా గ్రూపులో మెసేజ్ రాకపోతే లోపం రెండో ముక్కలోనో టెలిగ్రామ్ వైపో ఉంది: ట్రిగర్, చదివే తాళం, టోకెన్, గ్రూపు నంబర్ చూడండి. వరుసే పడకపోతే వూకామర్స్‌లో స్టేటస్, అందులో లాగ్స్ (జరిగినవన్నీ రాసిపెట్టే చిట్టా) తెరిచి వెబ్‌హుక్ డెలివరీ లాగ్ చూడండి. జవాబు కోడ్ 200 గానీ 302 గానీ ఉంటే కబురు చేరినట్టే. యాప్స్ స్క్రిప్ట్ 302 ఇవ్వడం మామూలే. అప్పుడు కీ తప్పు పడిందా, పాత వెర్షన్ నడుస్తోందా అని చూడాలి.

లాగే లేకపోతే కబురు ఇంకా బయల్దేరలేదు. వూకామర్స్ వెబ్‌హుక్‌లను అప్పటికప్పుడు పంపదు, వరుసలో పెట్టి వెనక నుంచి పంపుతుంది. స్టేటస్ పేజీలోనే షెడ్యూల్డ్ యాక్షన్స్‌లో అవి పెండింగ్‌లో కనిపిస్తాయి. ఆ వరుసను నడిపేది వర్డ్‌ప్రెస్ క్రాన్, అంటే వేళకు చేయాల్సిన పనులు చేయించే భాగం. సైట్‌కు ఎవరైనా వస్తేనే అది మేలుకుంటుంది. చిన్న షాపుల్లో మధ్యాహ్నం పూట గంటసేపు ఎవరూ రాకపోవచ్చు, కబుర్లు అక్కడే కునుకు తీస్తాయి. హోస్టింగ్ సీప్యానెల్‌లో (సైట్ ఉన్న సర్వర్ సెట్టింగ్స్ మార్చే పేజీ) క్రాన్ జాబ్స్ అనే చోట ఐదు నిమిషాలకోసారి వర్డ్‌ప్రెస్ క్రాన్ ఫైల్‌ను పిలిచేలా పెట్టి, కాన్ఫిగ్ ఫైల్‌లో సందర్శకుల మీద ఆధారపడే క్రాన్‌ను ఆపేయండి. ఈ రెండూ కలిపి చేయాలి. రెండోది మాత్రమే చేస్తే కబుర్లు ఎక్కడివక్కడ ఆగిపోవచ్చు.

చివరికి ఆ రూపాయి కూపన్‌ను చెత్తబుట్టలో వేసి, "తీసేశారు" అనే మెసేజ్ పేరుతో సహా వచ్చిందో లేదో చూసుకోండి.